బాగున్న స్టీరియోను బాగుచేసిన వైనం

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఒక పెళ్ళి ఊరేగింపును నా రెండు చేతులతో అంతిమయాత్రగా మార్చిన కథ. ఎవరూ చనిపోలేదు, కంగారుపడకండి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఈనాటికీ నిక్షేపంగా ఉన్నారు, నేను ఎదురుపడితే ఈనాటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ రోజు పోయింది నా పరువొక్కటే. అది మాత్రం యానాం నడిరోడ్డు మీద, బంధువులందరి ఎదుట, పాటతో సహా పోయింది.

ఎనభైల మొదట్లో మాట. అప్పటికి నేను పోస్టులో రేడియో మెకానిజం కోర్సు పూర్తి చేసి ఉన్నాను. పాఠాలు కవర్లో వచ్చేవి, నా జవాబులు కవర్లో వెళ్ళేవి, చివరికి సర్టిఫికెట్టు కూడా కవర్లోనే వచ్చింది. నా మొహం చూడకుండానే నన్ను ప్యాసు చేశారు. చూసి ఉంటే చేసేవారు కాదని ఇప్పుడనిపిస్తుంది. షాపు పెట్టాలని నా ఆశ. షాపుకి గది కావాలి. మా పెదనాన్న ఇంటికి వీధివైపు ఒక గది ఖాళీగా ఉండేది. రోడ్డు మీదికి తలుపు, పక్కనే టీకొట్టు, ఎదురుగా బస్సులు ఆగే చోటు. ఆ గదిని తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. పెదనాన్న మాత్రం అందులో కొబ్బరికాయలు పోసుకునేవారు.

పెదనాన్న అంటే దేవదానం మాస్టారు. బడిలో పంతులుగా రిటైరయ్యారు గానీ, మా చర్చి క్వయిర్‌కి మాత్రం ఎప్పటికీ రిటైరు కాని మాస్టారు. ఆయన కుడిచేతి చూపుడువేలు గాలిలో లేస్తే ముప్ఫై గొంతులు లేచేవి, దిగితే దిగేవి. పాటలో ఎవరు అర మాత్ర వెనకబడినా ఆ వేలు నేరుగా వాళ్ళ మొహానికే గురిపెట్టేవారు. ఆ వేలుకి క్వయిర్‌లో పాడే మా దొడ్డమ్మ కూడా భయపడేది, ఆవిడ ఆయనకి భార్య అయి కూడా.

ఇక ఆయన కారు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఒక ఫ్రెంచి దొర వాడిన ఇంగ్లీషు కారు అది. ఫ్రెంచి దొరకి ఇంగ్లీషు కారెందుకండీ అని అడిగితే, "ఆళ్ళ కార్ల సంగతి ఆళ్ళకి తెలుసు కదరా" అనేవారు పెదనాన్న. దొరలు వెళ్ళిపోతున్నప్పుడు మా తాత కొన్నాడు. నల్లరంగు, గుండ్రటి వీపు, ముందు రెండు పెద్ద దీపాలు. ఎదురుగా వస్తుంటే ఏదో విని ఆశ్చర్యపోయిన ముసలమ్మలా ఉండేది. ఊళ్ళో ఆటోలన్నీ దానికి పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవి. గౌరవం కొంత, దాని బ్రేకుల సంగతి తెలియడం కొంత.

పెదనాన్న కూతురు సువార్తకి పక్కనున్న అడవిపొలం ఊళ్ళో సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు శామ్యూలు ఓడలో పనిచేసేవాడు. కాబోయే మామగారికని సింగపూరు నుంచి ఒక కారు స్టీరియో తెచ్చాడు. అట్టపెట్టె విప్పగానే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. ముందు వెండిలా మెరిసే మీటలు, పక్కన కోడిగుడ్డు ఆకారంలో రెండు పెద్ద స్పీకర్లు. ఎవరూ ముట్టుకోలేదు. దొడ్డమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, అయినా ముట్టుకోలేదు.

"ఏరా ఆనందం, ఇది మన కారుకి బిగించగలవా?" అన్నారు పెదనాన్న.

"ఆయ్! ఎంతసేపండీ పెదనాన్నా."

"పెళ్ళయ్యాక చర్చి కాణ్ణుంచి అడవిపొలం దాకా ఊరేగింపు. కారులో మన పాట మోగాలి. మన క్వయిర్ పాడిందే, నేను కట్టిన మంగళగీతమే. మచ్చ లేకుండా మోగిందనుకో, వీధిగది నీది. కొబ్బరికాయలు నేనే తీయించేస్తాను."

"మోగకపోతేనండీ?"

"కొబ్బరికాయలు ఎక్కడికీ పోవు."

అదీ పందెం. నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. కొబ్బరికాయలన్నీ గుంపుగా లేచి గదిలోంచి బయటికి నడిచిపోతున్నట్టు కల కూడా వచ్చింది.

ఇక్కడ చిన్న పాఠం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. మామూలు కార్లలో బ్యాటరీ మైనస్ కొసను కారు బాడీకి కలుపుతారు. పెదనాన్న కారు తయారైన కాలంలో, ఎందుకో ఆ దేవుడికే తెలియాలి, ప్లస్ కొసను కలిపేవారు. స్టీరియోనేమో మైనస్ బాడీ కార్ల కోసం చేసింది. దాని ఇనప డొక్క కారు ఇనుముకి ఎక్కడ తగిలినా ఫ్యూజు ఎగిరిపోతుంది. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసి, టేకు చెక్కతో ఒక పెట్టె చేయించి, లోపల సైకిలు ట్యూబు ముక్కలు పరిచి, స్టీరియోను పసిబిడ్డలా అందులో పడుకోబెట్టి, వైర్లు తిరగేసి కలిపాను. కారు ఇనుముకి అది వెంట్రుకవాసి కూడా తగల్లేదు. నా జీవితంలో ఎవరి సాయం లేకుండా చేసిన సరైన పని అదొక్కటే. తర్వాత దాన్ని కూడా నేనే పాడుచేశాను.

పెదనాన్న, దొడ్డమ్మ కారెక్కి కూర్చున్నాక, ఇంజను లేపి, మా క్వయిర్ క్యాసెట్ పెట్టి మీట నొక్కాను.

ఆ క్షణం గురించి వేళాకోళంగా రాయాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చేతకాలేదు. అంతవరకు మేము విన్నది ఇంట్లో అరచేతి వెడల్పు స్పీకరున్న టేప్‌రికార్డరు. అందులో మా క్వయిర్ డబ్బాలో పడ్డ తేనెటీగల్లా పాడేది. ఇప్పుడు కారు వెనక అద్దం దగ్గరనుంచి ముప్ఫైమంది మనుషులు ఊపిరి పీల్చుకున్నారు. పాట కాదు, ముందు ఊపిరి వినిపించింది. తర్వాత పాట లేచింది. మగవాళ్ళ గొంతులు సీటు కిందనుంచి వచ్చి వెన్నులో పాకాయి. ఎవరో దగ్గారు. దొడ్డమ్మ గభాలున వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరో ఉన్నారండీ ఎనకాల" అంది.

"ఎవరూ లేరే, అది నువ్వే" అన్నారు పెదనాన్న.

"నేనా? నా గొంతు ఇంత బాగుంటాదా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. రోడ్డున పోతున్న చేపల బుట్టలవాళ్ళు బుట్టలు దించి కారు చుట్టూ చేరారు. ఒక ముసలాయన తలగుడ్డ తీసి కారుకి దణ్ణం పెట్టాడు. నాకు ఒళ్ళంతా జలదరించింది. ఇంత చిన్న పెట్టెలో ఇంతమందిని ఎవరు కూర్చోబెట్టారా అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. పెట్టె బిగించినవాణ్ణి నేనే అన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను.

పాట అయ్యాక పెదనాన్న కళ్ళు తెరిచారు. "బెమ్మాండంగా ఉందిరా. కానీ పాట అడుగున ఏదో డుగుడుగుమంటోంది."

పాట మళ్ళీ పెట్టి, చెవి ఆనించాను. నిజమే. ముప్ఫై గొంతుల కింద ఎక్కడో లోతున, డుగు డుగు డుగు డుగు.

"ఇంజనండీ. ఇంజను చప్పుడు స్టీరియోలోకి వస్తోంది. పాఠంలో ఉంది" అన్నాను.

"అలాగా? ఇంజను ఆపెయ్యి."

ఆపేశాను. డుగు డుగు డుగు డుగు.

బుద్ధున్న మనిషి ఎవడైనా ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేనూ ఆలోచించాను. ప్రమాదమంతా అక్కడే మొదలైంది.

ఇంకో క్యాసెట్ పెట్టి చూడొచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి, నేనూ అడిగాను. "సినిమా పాట ఈ కారులో మోగిందంటే కారుని గోదాట్లోకి తోసేస్తాను" అన్నారు పెదనాన్న. ఇంట్లో ఉన్న చర్చి క్యాసెట్ అదొక్కటే. పోనీ రేడియో పెడదామంటే ఏరియల్ ఇనప గొట్టం బాడీకి తగులుతుందని నేనే బిగించలేదు. చివరికి ఆ క్యాసెట్ పట్టుకెళ్ళి ఇంట్లో చిన్న టేప్‌రికార్డరులో పెట్టి విన్నాను. డుగుడుగు లేదు, ఊపిరి లేదు, దగ్గు లేదు. తేనెటీగలు తప్ప మరో చప్పుడే లేదు. ఇక నాకు అనుమానం తీరిపోయింది. క్యాసెట్ నిర్దోషి, దోషం కారుదే. ఈ తీర్పు ఇచ్చిన కోర్టులో నేనే జడ్జీని, నేనే ప్లీడరుని, బుర్ర మాత్రం హాజరు కాలేదు.

మర్నాటినుంచి కారు నా చేతికి చిక్కింది. ప్లగ్గు వైర్లు మార్చాను. డుగుడుగు. డైనమోకి కండెన్సరు తగిలించాను. డుగుడుగు. స్పీకర్లు విప్పి, కింద దూది దిండ్లు పెట్టి మళ్ళీ బిగించాను. డుగుడుగు. దారిన పోయే ప్రతివాడూ కిటికీలోంచి తల పెట్టి ఒక మందు చెప్పేవాడు. గేరు రాడ్డుకి గుడ్డ చుట్టమని ఒకరు, పెట్రోలులో నీళ్ళున్నాయని ఒకరు. టీకొట్టు సత్యం అయితే తెల్లవారుజామున మొదలుపెట్టిన పని కలిసిరాలేదని, మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాడు. సిగ్గులేకుండా అది కూడా చేశాను.

పెళ్ళి దగ్గర పడింది. సాయంత్రం పెదనాన్న వచ్చి, సీట్లు లేని కారుని, గ్రీజు పూసుకున్న నన్ను మార్చి మార్చి చూశారు.

"ఏరా, ఎంతదాకా వచ్చింది?"

"జబ్బు దొరికిందండి పెదనాన్నా. కారు తిరగబడి ఉందండి."

"నాలుగు చక్రాలూ కిందే ఉన్నాయి కదరా."

"అది కాదండి. కరెంటు తిరగబడి ఉంది. ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సుంది. అందుకే మూలుగుతోంది. బ్యాటరీ తిప్పేస్తే స్టీరియోకి హాయిగా ఉంటుందండి."

"ముప్ఫై ఏళ్ళనుంచి అలాగే నడుస్తోందిరా ఇది."

"ముప్ఫై ఏళ్ళనుంచీ తప్పుగా నడుస్తోందండి" అన్నాను. ఆ మాట అన్నప్పటి నా మొహం ఫోటో ఎవరైనా తీసి ఉంటే, ఈ కథ రాయక్కర్లేదు, ఆ ఫోటో చూపిస్తే చాలు.

బ్యాటరీ తిప్పేశాను. ప్లస్ కొస ఉన్నచోట మైనస్, మైనస్ ఉన్నచోట ప్లస్. టేకు పెట్టె, ట్యూబు ముక్కలు పీకేసి, స్టీరియో వైర్లు కూడా మళ్ళీ తిప్పి, దాన్ని నేరుగా కారుకే బిగించాను. ఫ్యూజు పోలేదు. ఇంజను లేచింది. పాట లేచింది.

"తగ్గింది కదండీ?" అన్నాను.

పెదనాన్న చెవి రిక్కించారు. "తగ్గిందంటావా?"

"సగానికి సగం తగ్గిందండి."

నాకు నిజంగానే తగ్గినట్టు వినిపించింది. అన్ని రోజులు కష్టపడ్డాక చెవి కూడా మన మాటే వింటుంది. ఒక్కటే కొత్త విశేషం. ముందు పలకలో ఒక ఎర్ర దీపం వెలిగి కూర్చుంది, ఆరదు. ఇంజను గట్టిగా తిరిగితే ఇంకా ధగధగా వెలుగుతోంది.

"ఇదేంట్రా? ఇదివరకు ఇంజను లేవగానే ఆరిపోయేది" అన్నారు పెదనాన్న.

"స్టీరియోకి కరెంటు బలంగా అందుతోందని గుర్తండి" అన్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. బ్యాటరీని తిప్పితే, దాన్ని నింపే డైనమోకి కూడా ఆ కబురు చెప్పాలి, దానికో పద్ధతి ఉంది. చెప్పకపోతే డైనమో తన పాత పద్ధతిలోనే ఉంటుంది, బ్యాటరీకి చుక్క కరెంటు అందదు. కారు బ్యాటరీలో ఉన్నది తిని బతుకుతుంది, అది అయిపోగానే పోతుంది. ఎర్ర దీపం ఆ మాటే మొత్తుకుంటోంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

పెళ్ళిరోజు పొద్దున్నించీ వచ్చిన ప్రతి చుట్టానికీ స్టీరియో వినిపించాం. కాకినాడ చుట్టాలకి రెండుసార్లు. వాళ్ళు స్పీకర్లలోకి తొంగి చూసి, "అబ్బా, మనుషులు కనపడ్డమే తరవాయి" అన్నారు. పెదనాన్న ఛాతీ ఉబ్బింది. వీధిగదిలోంచి కొబ్బరికాయలు తీయించడం అప్పటికే మొదలుపెట్టేశారు.

సాయంత్రం పెళ్ళి అయింది. చీకటి పడుతుండగా ఊరేగింపు కదిలింది. పెదనాన్నే నడుపుతున్నారు, ఆ కారు స్టీరింగు మరొకరికి ఇచ్చేవారు కాదు. పక్కన నేను, స్టీరియో మీద చెయ్యేసుకుని. వెనక సీట్లో సువార్త, శామ్యూలు, వాళ్ళ పక్కన ఇరుక్కుని దొడ్డమ్మ. కారు వెనకాల క్వయిర్ మొత్తం, తెల్లబట్టల్లో, నడుస్తూ. వెలుగు కోసం పెద్ద దీపాలు వేశారు పెదనాన్న. పాట పెట్టమని చూపుడువేలు ఎత్తారు. పెట్టాను.

ఎంత బాగుందో! స్పీకర్లలో క్వయిర్, వెనకాల నడుస్తూ అదే క్వయిర్, రెండూ కలిసి పాడుతుంటే రోడ్డుకి రెండు పక్కలా జనం గుమ్మాల్లోకి వచ్చేశారు. గోదావరి గాలి కిటికీలోంచి కొడుతోంది. శామ్యూలు, "మామయ్యగారూ, ఓడలో కూడా ఇంత బాగా మోగలేదండి" అన్నాడు. పెదనాన్న వేలు స్టీరింగు మీద తాళం వేస్తోంది. నా మనసు వీధిగదిలో బోర్డు బిగిస్తోంది.

సగం దారిలో పెదనాన్న మొహం చిట్లించారు.

"ఒరే, క్వయిర్ లాగేస్తోందేంట్రా?"

పాట నెమ్మదించింది. ముందు కొంచెమే. పెద్ద దీపాలు తెల్లరంగునుంచి పసుపుకి, పసుపునుంచి పండు మిరపరంగుకి దిగుతున్నాయి. ఆడవాళ్ళ గొంతులు మగవాళ్ళ గొంతులయ్యాయి. మగవాళ్ళ గొంతులు నూతిలోకి దిగాయి.

పెదనాన్న అలవాటు చొప్పున కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "స్పీడు! స్పీడందుకోండి!" అని అరిచారు. ఆయన అరిచింది క్యాసెట్‌ని. క్యాసెట్ వినలేదు. వెనకాల నడిచే క్వయిర్‌కి మాత్రం ఆ చెయ్యి ఒక్కటే కనిపించింది, మాట వినిపించలేదు. మాస్టారు చెయ్యెత్తారంటే స్పీకరుతో కలవమని కాబోలనుకున్నారు. కలిశారు. స్పీకరు ఎంత నెమ్మదిస్తే అంత నెమ్మదించారు, ఎంత దిగితే అంత దిగారు. తెల్లబట్టలు, చీకటి, నల్లకారు, అడుగులో అడుగు, లోపల్నించి పాతాళంలోంచి వచ్చినట్టు ముప్ఫై గొంతుల మూలుగు.

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించి లేచి నిలబడ్డారు. సైకిలు మీద వెళ్తున్న ఒకాయన దిగి, తలగుడ్డ తీసి, తలవంచుకున్నాడు. ఇంకొకాయన కిటికీ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఎవరు పోయారండీ మాస్టారూ?" అన్నాడు.

"నీ తాడు తెగ! పెళ్ళయ్యా ఇది!" అని వెనక సీట్లోంచి దొడ్డమ్మ అరిచింది. సువార్త ముసుగులో నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది, బయటివాళ్ళకి అది ఏడుపులా కనిపించింది. ఆయన మరింత బాధపడి పక్కకి తప్పుకున్నాడు.

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పాట చివరి అక్షరం సాగి సాగి, దాంతోపాటే అడుగున డు...గు..., డు.....గు....., డు.... అని అదీ ఆగింది. దీపాలు ఆరాయి. ఎర్ర దీపం కూడా ఆరిపోయింది. వెనకాల క్వయిర్ మాత్రం పట్టిన శ్రుతిని పట్టుకుని, మాస్టారి వేలు దిగేదాకా అలాగే నిలబడింది.

పెదనాన్న నన్ను తిట్టలేదు. వేలు గాలిలో అలాగే ఉంచి, స్టీరియో వంక చూస్తున్నారు.

"ఒరే ఆనందం. పాటతోపాటు ఆ డుగుడుగు కూడా నెమ్మదించింది. ఇన్నావా?"

"ఆయ్."

"కారుదైతే పాటతో కలిసి ఎందుకు నెమ్మదిస్తాదిరా? అది పాటలోదే."

"పాటలో డుగుడుగేంటండీ?"

వెనకనుంచి దొడ్డమ్మ అందుకుంది. "అయ్యో రాత! టేపు పట్టిన రోజు మనం పాడతా ఉంటే కరెంటు పోయి, హాలు ఎనకాల జనరేటర్ పెట్టలేదూ? దాని పొగకే కదండీ నాకు దగ్గొచ్చింది!"

పెదనాన్న మెల్లిగా చెయ్యి చాపి, స్టీరియోని ఒక్క వేలితో తాకారు.

"ఇంట్లో పెట్టె అదంతా మింగేసిందిరా. ఇది ఒక్కటి కూడా దాచలేదు. గోడ అవతలున్న జనరేటర్ని కూడా అట్టుకొచ్చి మన ముందు పెట్టింది" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. చిన్నపిల్లవాడు మొదటిసారి సముద్రాన్ని చూసినప్పటి గొంతు అది. నాకూ సిగ్గు పక్కకి జరిగి, మళ్ళీ ఒళ్ళు జలదరించింది. అంత గొప్ప యంత్రం దొరికితే, అది నిజం చెబుతోందని దాని మీద ఇన్ని రోజులు కేసు నడిపాను.

తర్వాత పెదనాన్న కారు దిగి, వెనకాల ఎదురుచూస్తున్న క్వయిర్ వైపు తిరిగి, వేలు ఎత్తి, సరైన వేగంలో తాళం వేశారు. మగవాళ్ళు కారుకి భుజాలు ఆనించారు. ఆ మంగళగీతం ఏ స్పీకరూ లేకుండా, నోటితో, పరుగులాంటి నడకతో లేచింది. నేనూ చొక్కా చేతులు మడిచి తోశాను. ఆ పాట ఎలా ఉందంటే, సింగపూరు పెట్టె కూడా కాస్త నేర్చుకునేంత బాగుంది. అడవిపొలం చేరేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది.

మర్నాడు పెదనాన్న దగ్గరికి తలవంచుకుని వెళ్ళాను. ఆయన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు.

"పందెం ప్రకారం గది మీదేనండి పెదనాన్నా. కొబ్బరికాయలు నేనే తిరిగి పోసేస్తాను."

"పాట మచ్చ లేకుండానే మోగిందిరా, నువ్వు చెయ్యెట్టేదాకా" అన్నారాయన. "గది తీసుకో. ఒక్కటే షరతు. ఎవడైనా పెట్టె అట్టుకొస్తే, ముందు అది చెడిపోయిందో లేదో కనుక్కో. చెడిపోకపోతే దాన్ని బాగుచెయ్యకు. దండం పెట్టి పంపించెయ్."

కాబట్టి పాఠకులారా, గోదావరి వైపు తిరిగి, కుడిచెయ్యి చాపి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: బాగున్న ఏ యంత్రాన్నీ ఈ జన్మలో నేను బాగుచెయ్యను. మరి చెడిపోయినవి నా చేతిలో బాగుపడతాయా అంటారా? ఆ విషయం మీద ప్రమాణం చెయ్యమని పెదనాన్న అడగలేదు, నేనూ చెయ్యలేదు.